కర్నూలు నుంచి కడపకు పడవ దారి

కర్నూలులో హంద్రీ నది మీదుగా ఒక కాలువ పోతుంది. కింద నది, నదికి అడ్డంగా కట్టడం, కట్టడం మీద మళ్ళీ నీళ్ళు. కింద ఇసుక తేలిన రోజుల్లో కూడా పైన కేసీ కెనాల్ (కర్నూలు–కడప కాలువ) పారుతూ కనిపించడం ఊరివాళ్ళకు కొత్తేమీ కాదు. ఆ అక్విడక్టును పొలాలకు నీళ్ళు దాటించడానికే కట్టారని మనం అనుకుంటాం. కట్టినవాళ్ళ లెక్క వేరు. నీళ్ళతో పాటు పడవలు కూడా ఆ నది మీద నుంచి దాటాలి. కర్నూలులో సరుకెత్తిన పడవ కడప చేరాలి, అక్కడి నుంచి పెన్న లోయ వెంబడి నెల్లూరుకు, నెల్లూరు నుంచి సముద్రానికి పోవాలి. చినుకు కోసం మోడం వైపు చూసే సీమలో లండన్ కంపెనీ ఒకటి పడవల దారి వేసిందంటే ఇవాళ నమ్మబుద్ధి కాదు. వేసింది. కర్నూలుకూ కడపకూ మధ్య పడవలు నడిచాయి కూడా.

సీమవాళ్ళకు పడవ అసలే తెలియనిదని కాదు. తుంగభద్ర మీద పుట్టి ఎప్పటి నుంచో ఉంది. వెదురు బద్దలతో గుండ్రంగా అల్లి, అడుగున తోలు బిగించి, మనుషుల్నీ మూటల్నీ ఎక్కించుకుని గిరగిరా తిరుగుతూ అవతలి గట్టుకు చేర్చేది. ఇప్పుడు తోలు పోయి ప్లాస్టిక్ పట్టా, తారు వచ్చాయి. పుట్టి మాత్రం అదే. కర్నూలు ఊరి పుట్టుక గురించి చెప్పే కథ కూడా రేవు కథే. ఆలంపురం గుడికి రాళ్ళు మోసే బండ్లు నది దాటే ముందు ఇక్కడ ఆగి ఇరుసులకు కందెన పూసుకునేవట. అయితే అది నదిని అడ్డంగా దాటే రేవు. నది పొడుగునా సరుకు తోలడం ఈ ప్రాంతంలో ఎవరూ తలపెట్టని పని. వానకాలంలో తుంగభద్ర కోడెలా దూకుతుంది, ఎండాకాలంలో బండల మధ్య మడుగులుగా మిగులుతుంది. ఏ కాలంలోనూ అది బరువు పడవకు దారి ఇచ్చే నది కాదు.

ఇవ్వకపోతే పక్కన వేరే నది తవ్వుదామన్న మనిషి సర్ ఆర్థర్ కాటన్. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక గోదావరి డెల్టాలో ఆయన రెండు పనులు ఒక్క కాలువతో చేయించాడు: పొలం తడిపాడు, పడవ నడిపాడు. కాకినాడ, ఏలూరు, రాజమండ్రి వైపు బియ్యం బస్తాలు కాలువల మీద పోతుంటే, గట్టు మీద నుంచి తాడు పట్టి లాగేవాళ్ళూ, గాలి వీలుగా ఉన్నప్పుడు తెరచాప ఎత్తేవాళ్ళూ డెల్టాలో నూరేళ్ళు కనిపించారు. రైలు కన్నా నీటి దారి చాలా చవక అని కాటన్ చివరిదాకా వాదించాడు. ఇనుముకూ బొగ్గుకూ పెట్టే డబ్బు కాలువలకు పెట్టండి, అదే దారి సరుకును మోస్తుంది, అదే దారి పంటను పండిస్తుంది అనేది ఆయన పట్టు. ఆ పట్టులో సగం నిజం ఉంది. మిగిలిన సగాన్ని పరీక్షించడానికి దొరికిన నేల మనది.

1858లో లండన్‌లో మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ ఏర్పడింది. కేసీ కెనాల్‌ను డచ్చివాళ్ళు తవ్వించారని సీమలో ఒక మాట తిరుగుతూ ఉంటుంది. తవ్వించింది ఈ ఇంగ్లీషు కంపెనీ. మొదటి పెట్టుబడి పది లక్షల పౌన్లు. దాని మీద ఏటా 5 శాతం వడ్డీకి ప్రభుత్వం హామీ ఇచ్చింది. ఆ వడ్డీ వచ్చేది ఇక్కడి రైతులు కట్టే శిస్తులోంచి. కాలువ లాభం తెచ్చినా తేకపోయినా లండన్‌లో వాటాదారుడి అయిదు రూపాయలు అయిదు రూపాయలే. రైలు కంపెనీలకు అప్పటికే ఇదే పద్ధతి నడుస్తోంది. నష్టభయం లేని చోట లెక్క జాగ్రత్తగా చూసుకునేవాడు ఎవడూ ఉండడు. ఈ కంపెనీ ఖాతా పుస్తకాలకు పట్టిన గతికి మొదటి కారణం అదేనని నాకు అనిపిస్తుంది.

కంపెనీ వెనక మాంచెస్టర్ నూలు మిల్లుల ఆశ కూడా ఉంది. వాళ్ళకు పత్తి అమెరికా నుంచి వచ్చేది. ఒక్క దేశాన్నే నమ్ముకుంటే ఎప్పుడైనా దెబ్బ తగులుతుందని మిల్లు యజమానులకు తెలుసు. బళ్ళారి, కర్నూలు, కడప జిల్లాల నల్లరేగడిలో పత్తి పండుతుంది. పండిన పత్తిని ఎద్దుల బండ్ల మీద వారాల తరబడి తోలితే గానీ రేవు చేరదు. దారి పొడుగునా దుమ్ము, వాన పడితే బురద. అదే కాలువ ఉంటే పత్తి పడవలోనే సముద్రం దాకా పోతుంది. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలై పత్తి ఆగిపోయేసరికి ఈ ఆశ ఆత్రంగా మారింది. 1863లో కాలువ పని మొదలైంది.

కాగితం మీద పథకం చాలా పెద్దది. తుంగభద్ర, పెన్న నదుల్ని కలిపి, బళ్ళారి వైపు ఒక పాయ, నెల్లూరు వైపు ఒక పాయ తీసి, దత్తమండలాలన్నిటినీ తూర్పు తీరానికి ముడివేయాలని. హోస్పేట దగ్గర తుంగభద్రకు పెద్ద జలాశయం కట్టాలన్న ఆలోచన కూడా ఆ రోజుల్లోదే. అదంతా నేల మీదికి దిగేసరికి మిగిలింది సుంకేసుల నుంచి కడప దాకా ఒక్క కాలువ. పొడవు 190 మైళ్ళు, అంటే దాదాపు 305 కిలోమీటర్లు.

ఆ దారిని ఒకసారి పై నుంచి కిందికి చూద్దాం, ఎందుకంటే కథలో అసలు పస అక్కడే ఉంది. కర్నూలుకు 17 మైళ్ళు ఎగువన సుంకేసుల దగ్గర తుంగభద్రకు అడ్డంగా కిలోమీటరు పైచిలుకు పొడవున రాతి ఆనకట్ట కట్టారు. అక్కడ కుడి గట్టు నుంచి కాలువ మొదలై కర్నూలు చేరుతుంది. ఊళ్ళో హంద్రీని అక్విడక్టు మీద దాటుతుంది. తర్వాత నందికొట్కూరు ప్రాంతంలో రేగడి పొలాల మీదుగా తూర్పుకు సాగి మిట్టకందాల చేరుతుంది. ఇక్కడ నేల మిట్టగా ఉంటుంది. మిట్టకు ఇవతల పడిన చినుకు కృష్ణకు పోతుంది, అవతల పడినది పెన్నకు పోతుంది. కంపెనీ ఇంజనీర్లు ఆ మిట్టను లోతుగా కోసి కాలువను అవతలికి దించారు. కృష్ణా పరివాహకంలోని నీళ్ళు మనిషి చేతి మీదుగా పెన్నా పరివాహకంలో పడిన చోటు ఇదే. నదుల అనుసంధానం అని ఇవాళ పత్రికల్లో పెద్ద అక్షరాలతో వచ్చే పని సీమలో 1860లలోనే, కేరళ నుంచి మదురై వైపు నీళ్ళు మళ్ళించిన పెరియార్ ఆనకట్ట కన్నా పాతికేళ్ళు ముందే జరిగింది.

మిట్ట దిగాక ఎర్రమల, నల్లమల కొండల మధ్య కుందూ లోయ. లాకిన్సుల దగ్గర కాలువ నీరు నిప్పులవాగులో పడుతుంది. నిప్పులవాగు గాలేరులో కలుస్తుంది, గాలేరు కుందూలో కలుస్తుంది. ఈ మధ్యలో సంతజూటూరు దగ్గర ఒక ఆనకట్ట, కుందూ మీద రాజోలి దగ్గర మరొకటి. ఒక్కో ఆనకట్ట దగ్గర నీళ్ళు మళ్ళీ కాలువకు ఎక్కి నంద్యాల, కోయిలకుంట్ల, చాగలమర్రి, దువ్వూరు, మైదుకూరు ప్రాంతాల పొలాలకు పోతాయి. కుందూ పెన్నలో కలిశాక ఆదినిమ్మాయపల్లె దగ్గర పెన్న మీద చివరి ఆనకట్ట. అక్కడి నుంచి చెన్నూరు మీదుగా కడప పక్కన కృష్ణరాజపురం దాకా చివరి పాయ. కొంత దూరం తవ్విన కాలువ, కొంత దూరం వాగు, కొంత దూరం నది. ఇంత కలగలుపు దారి దక్షిణాదిలో మరొకటి ఉందేమో చెప్పడం కష్టం.

ఇక పడవ సంగతి. కర్నూలు సముద్రమట్టానికి దాదాపు 270 మీటర్ల ఎత్తున ఉంది. కడప 140 మీటర్లు కూడా లేదు. అంటే దారి మొత్తం మీద నీళ్ళు 130 మీటర్లకు పైగా కిందికి దిగాలి. గోదావరి డెల్టాలో నేల దాదాపు చదును కాబట్టి కాలువ మెల్లగా పారుతుంది, పడవ ఎదురు కూడా ఈదగలదు. ఇక్కడ కాలువను వాలుకు వదిలేస్తే పడవ బాణంలా కిందికి పోతుంది, మళ్ళీ పైకి రాదు. అందుకని మెట్లు కట్టాలి. నీళ్ళకు మెట్లంటే లాకులు.

లాకు పని చేసే తీరు తెలియని సీమ పాఠకులు చాలామంది ఉంటారు, మన దగ్గర అది ఆగిపోయి తరాలయింది కాబట్టి. కాలువలో రెండు జతల తలుపులు, వాటి మధ్య రాతిగోడల తొట్టి. పై నుంచి వచ్చిన పడవ తొట్టిలోకి రాగానే వెనక తలుపులు మూసేస్తారు. ముందు తలుపుల్లోని చిన్న తూములు తెరిస్తే తొట్టిలో నీళ్ళు మెల్లగా దిగుతాయి, నీళ్ళతో పాటు పడవా దిగుతుంది. కిందికాలువ మట్టానికి రాగానే ముందు తలుపులు తెరుచుకుంటాయి. పైకి పోయే పడవకు ఇదే వరస తిరగేసి. దీనికి ఇంజను అక్కర్లేదు, నీటి బరువు, మనిషి చెయ్యి చాలు. కానీ నీళ్ళు కావాలి. ఒక్కో పడవ దిగినప్పుడల్లా ఒక తొట్టెడు నీళ్ళు కిందికి పోతాయి.

ఆ నీళ్ళే లేవు. సుంకేసుల ఆనకట్ట నీటిని మళ్ళించేదే గానీ నిలవ చేసేది కాదు. నదిలో వరద ఉన్నన్నాళ్ళు కాలువ నిండుగా ఉంటుంది. మాఘం, ఫాల్గుణం దాటేసరికి నది సన్నగిల్లుతుంది, కాలువ ఆగుతుంది, పడవ గట్టున పడుతుంది. పత్తి ఏరి, బేళ్ళు కట్టి, రేవుకు తోలే రోజులూ అవే. ఏడాదిలో సరుకుకు దారి కావలసిన నెలల్లో దారి మూసుకుపోతే షావుకారు బండినే నమ్ముతాడు. పైన హోస్పేట దగ్గర జలాశయం కడితే ఈ లోటు తీరేది. అది కట్టడానికి 1945 దాకా మొదలే పెట్టలేదు. తుంగభద్ర డ్యామ్ 1953కు గానీ పూర్తి కాలేదు.

కంపెనీ చేతిలోని పది లక్షల పౌన్లూ పని సగంలో ఉండగానే కరిగిపోయాయి. ప్రభుత్వమే అప్పు ఇచ్చి ఆదుకోవలసి వచ్చింది. 1870–71 నాటికి కాలువ కడప చేరింది. అప్పటికి అమెరికా యుద్ధం ముగిసి ఆరేళ్ళయింది, మాంచెస్టర్‌కు మళ్ళీ పాత పత్తి వస్తోంది. దానికి తోడు 1871లోనే మద్రాసు నుంచి వచ్చిన రైలు దారి, బొంబాయి నుంచి వచ్చిన రైలు దారి రాయచూరు దగ్గర కలిశాయి. ఆ మద్రాసు దారి కడప మీదుగానే పోతుంది. పడవ కడప చేరిన ఏడాదికే కడపలో ఎక్కిన మూట ఒక వైపు మద్రాసులో, ఇంకో వైపు బొంబాయిలో దిగడం మొదలైంది. ఇంకో ఇరవై ఏళ్ళలోపే గుంతకల్లు నుంచి నంద్యాల మీదుగా నల్లమలను తొలుచుకుని బెజవాడ వైపు ఇంకో రైలు దారి వచ్చింది. కాలువ సముద్రం చేరి ఉంటే పోటీ పడేదేమో. కడపలోనే ఆగిపోయిన కాలువకు అవతల రేవు లేదు, ఇవతల జలాశయం లేదు. రెండు కొసలూ తెగిన దారి మీద వ్యాపారం ఎవరు చేస్తారు?

పొలాల దగ్గర ఇంకో చిక్కు వచ్చింది. నీళ్ళు వచ్చాయి, రైతు తీసుకోలేదు. చాలామంది తెల్లవాళ్ళు దీన్ని సోమరితనం కింద, మూర్ఖత్వం కింద రాసిపారేశారు. రేగడి నేల తెలిసినవాడు అలా రాయడు. నల్లరేగడి వాన నీటిని తనలో దాచుకుని జొన్ననూ పత్తినీ కొర్రనూ పండిస్తుంది. అలాంటి నేలలో కాలువ నీరు నిలిస్తే చౌడు పడుతుంది, మడక దిగదు. వరి వేయాలంటే పొలం చదును చేసి, గట్లు వేసి, కాలవలు తీయాలి, దానికి పెట్టుబడి కావాలి. పైగా నీటి తీరువ. వాన బాగా పడిన ఏడు తీరువ దండగ. పడని ఏడు నదిలోనూ నీళ్ళు తక్కువ. రైతు లెక్క కంపెనీ లెక్క కన్నా పక్కాగా ఉంది.

తర్వాత 1876 వచ్చింది. ధాత నామ సంవత్సరం. ఆ కరువు దక్షిణాదిని తుడిచిపెట్టింది, అందులో కర్నూలు జిల్లా మరీ దెబ్బతింది. 1871 జనాభా లెక్కకూ 1881 జనాభా లెక్కకూ మధ్య జిల్లాలో జనం దాదాపు నాలుగో వంతు తగ్గిపోయారు. అప్పుడు కాలువ కింద సాగు ఒక్కసారిగా పెరిగింది. కాలువ పారిన చోట గింజ చేతికొచ్చింది. లండన్‌లో కాటన్ ఆ కరువు చూపించి తన కాలువల్ని వెనకేసుకొచ్చాడు. వానలు తిరిగి కురిశాక సాగు మళ్ళీ కుంచించుకుపోయింది. నీటి దారుల గురించి ఆయన వాదన 1878లో పార్లమెంటు కమిటీ ముందుకు వచ్చింది, నెగ్గలేదు. రైళ్ళవైపే తీర్పు పోయింది. 1882లో ప్రభుత్వం కంపెనీ నుంచి కాలువను కొనేసింది. ఒడిశాలో ఇలాగే మొదలైన ఇంకో కంపెనీని అంతకు ముందే, 1860ల చివర్లోనే కొనవలసి వచ్చింది. ప్రైవేటు కంపెనీల చేత సాగునీటి కాలువలు తవ్వించే ప్రయోగం భారతదేశంలో ఈ రెండిటితో ముగిసింది. కొనడానికి పెట్టిన డబ్బూ, అన్నేళ్ళు కట్టిన హామీ వడ్డీ డబ్బూ మన శిస్తులోదే.

ఆ రోజుల కర్నూలును తెలుగువాడి కంటితో చూసిన మనిషి ఒకరున్నారు. నరహరి గోపాలకృష్ణమ సెట్టి. కర్నూలులో డిప్యూటీ కలెక్టరు, 1886లో వచ్చిన కర్నూలు జిల్లా మాన్యువల్ ఆయన రాసిందే. తెలుగులో తొలి నవలల్లో ఒకటిగా చెప్పుకునే శ్రీరంగరాజ చరిత్ర కూడా ఆయనదే, 1872 నాటిది. ఒకే మనిషి నవలా రాసి, జిల్లా లెక్కలూ రాసిన కాలం అది. కడప మాన్యువల్ 1875లో గ్రిబుల్ దొర రాశాడు. మన కాలువ చరిత్ర మీద మనసు పోయినవాళ్ళు ఈ రెండు పుస్తకాలతో మొదలుపెట్టవచ్చు.

పడవలు ఒక్కరోజులో ఆగలేదు. ప్రభుత్వం చేతికి వచ్చాక కాలువకు సాగునీరే ముఖ్యమయింది. లాకుకు పోయే నీళ్ళు పొలానికి మళ్ళాయి, పడవల రాకపోకలు ఏటికేడు పలచబడ్డాయి, ఇరవయ్యో శతాబ్దం మొదటి సగంలోనే పూర్తిగా నిలిచిపోయాయి. లాకు తలుపులు పోయిన చోట్ల షట్టర్లు వచ్చాయి, లాకు మనిషి చేసే పని లస్కరుకు వచ్చింది.

కాలం మారి పడవలు ఆగిన చోటు మనదొక్కటే కాదు. సరిగ్గా కంపెనీ పుట్టిన రోజుల్లోనే జపానులో ఒక రేవు తన చివరి మంచి రోజుల్లో ఉంది. హిరోషిమా వైపు, ఫుకుయామా నగరం అంచున తోమో అని చిన్న ఊరు. దీవుల మధ్య ఇరుకు సముద్రం, రెండు పక్కల నుంచి వచ్చే పోటు ఆ ఊరి దగ్గర కలుస్తుంది. తెరచాప పడవలు తూర్పు నుంచి పోటుతో వచ్చి అక్కడ లంగరు వేసి, పోటు తిరిగి ఆటు మొదలయ్యే దాకా ఆగి, ఆ ఆటుతో పడమటికి పోయేవి. ఆగేవాళ్ళ మీద బతికిన ఊరది. పూటకూళ్ళ ఇళ్ళు, సారా బట్టీలు, గుడులు, కొరియా రాజదూతల విడిది, అన్నీ ఆ ఆగడం వల్ల వచ్చినవే. అక్కడ నీటి మట్టం రోజూ మీటర్ల లెక్కన లేస్తుంది, దిగుతుంది. వాళ్ళు నీటిని ఆపడానికి ప్రయత్నం చేయలేదు. రేవు చుట్టూ అర్ధచంద్రాకారంలో రాతిమెట్లు కట్టారు, నీళ్ళు ఏ మెట్టు మీదుంటే ఆ మెట్టు దగ్గర సరుకు దించుకున్నారు. మనకు లాకు తలుపులు కావలసి వచ్చిన చిక్కే వాళ్ళకూ ఉంది. నీటి ఎత్తు మారుతుంటే పడవను ఎలా దించాలన్నదే అది. రేవు కొసన రాతి దీపస్తంభం 1859లో కట్టారు.

తోమోకు కూడా ఆవిరి యంత్రమే అడ్డం వచ్చింది. ఆవిరి ఓడలకు ఆటుపోట్లతో పని లేదు, అవి ఆగకుండా పోయాయి. 1891లో రైలు దారి ఫుకుయామా మీదుగా పోయింది, తోమోకు రాలేదు. ఊరు అలాగే నిలిచిపోయింది. 1983లో రేవులో కొంత భాగం పూడ్చి వంతెన వేయాలని అక్కడి ప్రభుత్వం పథకం వేసింది. ఊళ్ళో కొందరు కావాలన్నారు, కొందరు వద్దన్నారు. కోర్టుకెక్కారు. 2009లో హిరోషిమా జిల్లా కోర్టు పని ఆపమంది, తర్వాత ప్రభుత్వమే పథకం వదులుకుంది. వంతెన కావాలన్నవాళ్ళను తప్పుపట్టే పని లేదు, ఇరుకు సందుల్లో కారు తిరగదు పాపం. రేవు మిగిలింది మాత్రం పట్టుదల వల్లే.

జపాను పేరు మన కాలువ కథలో ఊరికే రాలేదు. నూరేళ్ళ పైబడి శిథిలమైన కేసీ కెనాల్‌ను బాగుచేయడానికి 1996లో జపాను ప్రభుత్వ రుణ సంస్థ ఓఈసీఎఫ్ అప్పు ఇచ్చింది. 2004లో రెండో విడత వచ్చింది. గట్లకు లైనింగు, తూములకు కొత్త షట్టర్లు, చివరి ఆయకట్టుకు నీళ్ళు చేర్చే పనులు ఆ డబ్బుతో జరిగాయి. సుంకేసులలో పాత రాతి ఆనకట్ట స్థానంలో గేట్ల బ్యారేజీ వచ్చింది, దానికి కోట్ల విజయభాస్కరరెడ్డి పేరు పెట్టారు. 2009 అక్టోబరు వరదలో కర్నూలు మునిగినప్పుడు ఆ బ్యారేజీ కూడా దెబ్బతింది, తిరిగి బాగుచేశారు.

పడవల దారిగా ఓడిపోయిన కాలువ సాగునీటి కాలువగా నెగ్గిన సంగతి మాత్రం నంద్యాల బియ్యం తిన్నవాళ్ళందరికీ తెలుసు. ఒకప్పుడు నీళ్ళు వద్దన్న లోయలోనే ఇప్పుడు నీళ్ళ కోసం రోడ్డెక్కుతున్నారు. కర్నూలు, నంద్యాల, కడప జిల్లాల్లో కలిపి 2 లక్షల 65 వేల ఎకరాల ఆయకట్టు. కింది ఊళ్ళలో వరితో పాటు పసుపు, అరటి, చెన్నూరు తమలపాకు తోటలు. కృష్ణా జలాలను పంచిన బచావత్ ట్రిబ్యునల్ ఈ కాలువకు 39.9 టీఎంసీలు కేటాయించింది, అందులో 10 టీఎంసీలు తుంగభద్ర డ్యామ్ నుంచి రావాలి. కాగితం మీదున్నన్ని నీళ్ళు కాలువలోకి వచ్చిన ఏడు రైతు పండగ చేసుకుంటాడు. రాని ఏళ్ళలో పోతిరెడ్డిపాడు నుంచి బానకచెర్ల మీదుగా శ్రీశైలం నీళ్ళు నిప్పులవాగులోకి వదిలి కాలువను ఆదుకుంటున్నారు. 2017లో ముచ్చుమర్రి దగ్గర ఎత్తిపోతలు కూడా వచ్చాయి. నిలవ లేకపోవడం అనే పాత జబ్బుకు ఇవన్నీ మందులే. సుంకేసులకు ఎగువన గుండ్రేవుల దగ్గర జలాశయం కట్టమని రైతులు అడుగుతున్నదీ ఆ జబ్బు కుదరడానికే. కాటన్ రోజుల్లో పైన కట్టవలసింది కట్టి ఉంటే పడవలు నిలిచేవో లేదో గానీ పంటలు మాత్రం నిలిచేవి.

2016లో పార్లమెంటు జాతీయ జలమార్గాల చట్టం చేసింది. ఆ పట్టికలో తుంగభద్రకు 104వ నంబరు ఉంది. తుంగభద్ర మీద పడవలు ఎప్పుడు నడుస్తాయో నేను ఎదురుచూడటం లేదు. జలాశయం లేకుండా పడవను నమ్ముకుంటే ఏమవుతుందో ఈ నది మీదే ఒకసారి చూశాం.

మనం చేయగలిగిన పని వేరే ఉంది. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల, మురుగుపారుదల సంస్థ ఐసీఐడీ కేసీ కెనాల్‌ను ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడాల జాబితాలో చేర్చింది. మన కంభం చెరువు, పోరుమామిళ్ళ చెరువు కూడా అదే ఏడాది చేరాయి. ఆ జాబితాలో అందరికన్నా ఎక్కువ కట్టడాలు నమోదు చేయించుకున్న దేశం జపానే. వాళ్ళు ఒక్కో కాలువకు పటం గీసి, కొలతలు తీసి, ఊరి పెద్దల మాటలు రాసిపెట్టుకున్నారు. సుంకేసుల నుంచి కృష్ణరాజపురం దాకా కాలువ గట్టు ఊళ్ళవాళ్ళు ఆ పని చేయాలని కోరుతున్నాను. మీ ఊళ్ళో పాత లాకు గోడ, పడవ కట్టిన రాతి గుంజ, తాడు ఒరిపిడికి అరిగిన అంచు లాంటివి ఏవైనా మిగిలి ఉంటే ఫొటో తీయండి, ఏ కిలోమీటరు దగ్గరో రాయండి. తాతల నాటి పడవ మాట ఇంట్లో ఎవరికైనా గుర్తుంటే రాయించి పెట్టండి. కడపలో సి.పి. బ్రౌన్ గ్రంథాలయం ఉంది, అక్కడ ఒక కాపీ ఇవ్వండి. లైనింగు పనులు ఇంకా సాగుతూనే ఉంటాయి, కాంట్రాక్టరుకు పాత రాయికీ కొత్త రాయికీ తేడా చెప్పవలసింది ఊరివాళ్ళే.